ప్రస్థానం పెట్టిన సంచీ

మా అత్తగారిని ఊరు చేరనివ్వకూడదు. దారిలోనే ఉంచాలి. ఆ వరదలో నాకున్న పని అదొక్కటే. వంట, గిన్నెలు, దీపం, స్తోత్రం అన్నీ దాని సందుల్లో చేసుకున్నవే.

మాది గోదారి పాయల మధ్య లంక. బయటికి పోవాలంటే కాజ్‌వే దాటాలి. ఎగువన వానలు పడి ధవళేశ్వరంలో గేట్లు ఎత్తారంటే మా కాజ్‌వే మునుగుతుంది. ఏటా ఉండేదే కాబట్టి పెద్దగా ఎవరూ కంగారుపడరు. ఉప్పూ పప్పూ ముందే తెచ్చిపెట్టుకుని, నీళ్ళు తీసేదాకా పడవల మీద తిరుగుతాం. ఆ ఏడు మాత్రం నీళ్ళు కాజ్‌వే దగ్గర ఆగలేదు. అరటితోటల్లోకొచ్చాయి, వీధిలోకొచ్చాయి, ఒక పొద్దున్న మా వాకిట్లో ముగ్గు మీదకొచ్చాయి. మా ఆయన కొబ్బరికాయల లోడుతో పాలకొల్లు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. నేను, మా అత్తగారు, సెలవులకని నా దగ్గరికొచ్చిన మా అన్నయ్య కూతురు. గ్యాస్ బండ, బియ్యం డబ్బా, మందులు, దేవుడి పటాలు పైకి మోసుకుని డాబా మీది గదిలో చేరాం. మెట్లెక్కేటప్పుడు ఆ గది కట్టించిన మా ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. కట్టేటప్పుడు దండగని గొడవపడ్డది నేనే.

మా అత్తగారికి ఎనభై దాటాయి. మనిషి గట్టిది, మరపే వచ్చింది. పొద్దున్న నన్ను కోడలిగానే గుర్తుపడతారు. మధ్యాహ్నానికి ఎరిగున్నవాళ్ళ పిల్లననుకుంటారు. దీపాల వేళయ్యేసరికి మంచం మీంచి లేచి, కుచ్చిళ్ళు సర్దుకుని, "ఇంక మా ఇంటికెళ్ళొస్తానమ్మాయ్. పొద్దుపోతే మా అమ్మ కంగారుపడుతుంది" అంటారు.

ఆ ఇల్లు పాలకొల్లు అవతల, కాలవ గట్టున ఉండేది. ఇప్పుడు లేదు. ఇల్లూ పెరడూ వెనకాల చేనూ అన్నీ కలిపి రొయ్యల చెరువైపోయాయి. మా ఆయన ఒకసారి కారు మాట్లాడి ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళారు. చెరువు గట్టు మీద చాలాసేపు నిలబడి, నీళ్ళని చిలుకుతున్న చక్రాలకేసి చూసి, "ఇదెవరిదో నాయనా, మన ఊరు పోదాం పద" అన్నారు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. చూసిన చెరువుని మర్చిపోయారు గాని, చూసినప్పటి దుఃఖం మాత్రం లోపల ఉండిపోయింది. ఎందుకేడుస్తున్నారో ఆవిడకే తెలియకుండా ఏడ్చేవారు. ఇంకెప్పుడూ ఆవిణ్ణి అక్కడికి చేర్చకూడదని అప్పుడే అనుకున్నాం.

మామూలు రోజుల్లో నాకో ఉపాయముండేది. "పదండి, నేనూ వస్తాను" అని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించేదాన్ని. రెండిళ్ళ అరుగుల మీద కూర్చోబెట్టి, నాలుగు మాటలాడించి, చుట్టు తిరిగి మళ్ళీ మా గుమ్మంలోకే తెచ్చేసరికి ఆవిడకి కాళ్ళు అలిసేవి, మనసు నెమ్మదించేది. ఇప్పుడు ఆ వీధే లేదు. డాబా మెట్లు బయటివైపు నుంచి, తలుపు లేదు, గేటు లేదు. కింది మెట్లన్నీ ఎర్రనీళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి. గది తలుపు ఒకసారి గడియ పెట్టి చూశాను. "నన్నెందుకు బంధించారమ్మా, నేనేం తప్పు చేశాను?" అని లోపల్నుంచి అరచేతులు కందిపోయేలా బాదారు. తీసేశాను. మళ్ళీ పెట్టలేదు.

మొదటి సాయంత్రం ఆవిడ లేచారు. నీళ్ళు చూపించాను. "గోదారమ్మ నాకు కొత్తా ఏంటి? పడవుంటుంది" అని మెట్లకేసి నడిచారు. నాకేం తోచక, "ఇవాళ వర్జ్యం ఉందండీ, బయల్దేరకూడదు" అన్నాను. ఆగారు. శకునం, ముహూర్తం మాత్రం ఆవిడలో చెక్కుచెదరలేదు. ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే ప్రస్థానం పెట్టేయ్" అన్నారు.

మాలో అదొక పద్ధతి. మంచి గడియకి మనిషి కదలలేకపోతే, మనిషికి బదులు ఒక సంచీని ఆ గడియలో గుమ్మం దాటించి ఎవరింట్లోనో పెడతారు. సంచీ బయల్దేరితే మనం బయల్దేరినట్టే. తర్వాత వీలు చూసుకుని వెళ్ళి, ఆ ఇంట్లోంచి సంచీ తీసుకుని అటునుంచటే పోవాలి. సంచీని వెనక్కి తేకూడదు.

పక్కింటి వదినగారి డాబా మాకు ఒక చెయ్యి చాచినంత దూరం. వాళ్ళూ పైకెక్కే ఉన్నారు. ఒక నేతచీర, చిన్న రాగి చెంబు, విభూతి పొట్లం గుడ్డసంచీలో వేసి, గడియారం చూసినట్టు చూసి, పిట్టగోడ మీంచి అందించాను. వదినగారు మర్యాదగా రెండు చేతులతో అందుకుని, "శుభంగా వెళ్ళిరండి పెద్దమ్మగారూ" అన్నారు. మా అత్తగారు హాయిగా వచ్చి చారన్నం తిని పడుకున్నారు. గండం గడిచిందని స్వామికి చెప్పుకున్నాను.

నేను చేసిన పనేంటో మర్నాడు సాయంత్రం గాని తెలియలేదు.

"ప్రస్థానం పెట్టి ఇంకా ఇక్కడ కూచోబెట్టావేంటమ్మాయ్? బయల్దేరిన మనిషి అదే ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్రచేస్తుంది?" అని గద్దించారు. అదివరకు ఆవిడకి పుట్టింటికి పోవాలన్న కోరిక ఉండేది. ఇప్పుడు పోక తప్పని ప్రయాణం ఉంది. దాన్ని నేనే నా చేత్తో మొదలుపెట్టాను. "తప్పుకో" అన్నారు. ఎప్పుడూ నన్నంత కటువుగా అన్నది లేదు.

ఆ చిక్కులోంచి నన్ను గట్టెక్కించింది మా మేనకోడలి ఆట.

అది ఇంజనీరింగ్ చదువుతోంది. హాస్టల్లో స్నేహితురాళ్ళతో ఒక ఆట ఆడుతుంది. బోర్డు మీద కాయలు జరిపే ఆట కాదు. అందరూ బల్ల చుట్టూ కూచుంటారు. ఒకళ్ళు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు ఆ కథలో ఒక్కొక్క మనిషి. ఒకత్తి కత్తి తిప్పుతుంది, ఒకత్తి మంత్రాలు వేస్తుంది. "ముందు వాగొచ్చింది, ఏం చేస్తారు?" అని నడిపేవాళ్ళు అడుగుతారు. ఏం చేస్తారో వీళ్ళు చెబుతారు. అది కుదిరిందో లేదో పాచికలు వేసి తేలుస్తారు. పాచికలు కూడా రకరకాలు, ఒకదానికి ఇరవై ముఖాలు. ఈసారి కథ నడపడం మళ్ళీ మా పిల్ల వంతట. కుదురుగా కూచుని తయారుచేసుకోడానికని నా దగ్గరికొచ్చింది. కొండలు, అడవులు, ఒక నది, చివర శిఖరం మీద కోట, కోట మీద ఏనుగుల్ని ఎత్తుకుపోయే పక్షి. రంగుపెన్సిళ్ళతో చక్కని పటం గీసింది.

"అంతా బావుందత్తా, దారే నాకు తలనొప్పి" అంది ఆ రోజు మధ్యాహ్నం. "ఊళ్ళో గొడవంటే ఆడతారు, కోటలో యుద్ధమంటే ఆడతారు. మధ్యలో ప్రయాణం వచ్చేసరికి ఒక్కొక్కళ్ళూ ఫోన్లు తీసేస్తారు. అందుకే 'వారం నడిచారు, చేరిపోయారు' అనేస్తాను. అప్పుడేమో అంత దూరం వెళ్ళినట్టే లేదంటారు. పోనీ అని దొంగల్ని పెడితే, మళ్ళీ దొంగలేనా అంటారు."

అప్పటికి నేను చింతపండు పిసుకుతూ ఊఁ కొట్టానంతే. దీపాల వేళ మా అత్తగారు "తప్పుకో" అన్నప్పుడు అది గబుక్కున లేచి పటం తెచ్చి ఆవిడ ముందు పరిచింది.

"రండి మామ్మగారూ, బయల్దేరదాం. ఇదిగో, మనం ఇక్కడున్నాం. ఆ కొండ మీదకెళ్ళాలి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. కూచున్నారు.

"వారం రోజులు నడిచారు" అంది మా పిల్ల అలవాటు కొద్దీ. "ఇదిగో కొండ. చేరిపోయాం!"

"ఎప్పుడు నడిచానే? కాళ్ళు నెప్పెట్టందే?" అన్నారావిడ. తర్వాత, "చేరామా? అయితే దిగుదాం" అని లేచి నిలబడ్డారు.

నేను చెయ్యి పట్టుకున్నాను. నోటికొచ్చింది అనేశాను. "ఎక్కడ చేరామండీ? అది చిన్నపిల్ల, దానికేం తెలుసు? పడవ లాకుల దగ్గర ఆగింది."

"లాకులా?" అని మా అత్తగారు మళ్ళీ కూచున్నారు. "ఏ లాకులు? తలుపులు తీశాడా లేదా?"

ఆవిడ చిన్నతనంలో ఆ ఊరికి దారి కాలవే. తాటాకు గూడున్న పడవ, గట్టు మీద తాడు పట్టి లాగే కళాసీలు. కాలవ ఎత్తు మారేచోట లాకులు. తలుపులు మూసి నీటిని మెల్లగా దించేదాకా పడవలన్నీ వరసగా ఆగాల్సిందే. ఆ ఆగడంలోనే తమలపాకులమ్మే వాళ్ళూ, జంతికలమ్మే వాళ్ళూ, ఎవరెవరికి పెళ్ళి సంబంధాలో మాట్లాడుకునే వాళ్ళూ. ఆ సాయంత్రం లాకుల తలుపులు తెరుచుకునేసరికి మా అత్తగారికి నిద్రొచ్చేసింది.

మా మేనకోడలు పటం చుట్టకుండా అలాగే కూచుని, "ఎలా చేశావత్తా?" అంది.

నేనేం చెయ్యలేదు. మా నాన్నగారు నేర్పిందే చేశాను. నేను పుట్టింది కూడా లంకలోనే, ఇంకో లంక. అక్కడ బడి చిన్న తరగతులతో ఆఖరు. పై చదువుకి రేవు దాటాలి, ఆడపిల్ల రోజూ పడవెక్కడానికి మా నాయనమ్మ ఒప్పుకోలేదు. మా నాన్నగారే ఇంట్లో చెప్పేవారు. లెక్కలు, తెలుగు, స్తోత్రాలు అన్నీ బాగానే సాగేవి. భూగోళం వచ్చేసరికి పటం మీద నా వేలు పెట్టించి, ఇక్కణ్ణుంచి కాశీ దాకా వెళ్ళు అనేవారు. నేను వేలు సర్రున జరిపేసేదాన్ని. "ఆగు" అనేవారు. "ఇక్కడ ఏం తిన్నావ్? నీళ్ళెవరిచ్చారు? ఈ ఏరెలా దాటావ్? ఎండగా ఉందా, మబ్బుగా ఉందా?" జవాబు చెబితేనే వేలు ముందుకి కదలాలి. అలా నేను కాశీ చేరడానికి ఒక ఎండాకాలం పట్టింది. నిజానికి ఇప్పటిదాకా కాశీ చూడలేదు. ఒక లంకలోంచి పడవెక్కి ఇంకో లంకలో దిగాను, అంతే. ఆయన వేలితో చూపించినంత మేర చూశాను, అది చాలా ఎక్కువ. ఆయనకి ఏ జన్మలో రుణం తీర్చుకోను?

మర్నాటి నుంచి కథ నడపడం ఇద్దరం పంచుకున్నాం. పటం దానిది, దారి నాది.

మొదట్లో తప్పులు చేశాం. ఒకరోజు మా పిల్ల ఉండబట్టలేక పాచిక వేసి, "దొంగలొచ్చారు!" అంది. మా అత్తగారు భయపడలేదు, మండిపడ్డారు. "దొంగలు తిరిగే దారిలో వయసులో ఉన్న పిల్లని తీసుకొస్తావా? నీకు బుద్ధుందా? పద, వెనక్కి పోదాం" అని నా మీద లేచారు. వెనక్కి పోవాలన్నా అవే మెట్లు. దొంగల్ని అప్పటికప్పుడు పెళ్ళివారి భజంత్రీల్ని చేశాం. దూరం నుంచి చూసి పొరబడ్డామన్నాం. "డోలు చూసి కత్తనుకున్నావటే, మొద్దూ" అని ఆవిడ దాన్ని నెత్తి మీద మొట్టారు. ఆ తర్వాత ఆ భజంత్రీలు మాతోనే ప్రయాణం చేశారు. సన్నాయి వాయించే ఆయనకి దగ్గు. ఆయనకి మిరియాల పాలు ఇప్పించేదాకా మా అత్తగారు పడవ కదలనివ్వలేదు.

ఏదో ఒకటి తేల్చాల్సింది ఆవిడ చేతిలో ఉండాలి. అది నాకు బాగా అర్థమైంది. ఉట్టినే వింటూ కూచుంటే ఆవిడ చూపు మెట్లకేసి పోయేది. అందుకని అడుగుతూ ఉండేదాన్ని. గాలి ఎదురొస్తోంది, రేవులో ఆగుదామా, కళాసీలకి ఇంకొంచెం ముట్టజెప్పి లాగిద్దామా? దధ్ధోజనం ఇవాళే తినేద్దామా, పులిహోర తిని అది రేపటికి ఉంచుదామా? "దధ్ధోజనం రేపటికి పులుస్తుంది, ఆమాత్రం తెలీదా? ఎవరు నేర్పారే నీకు వంట?" "మీరేనండీ." "నేను నేర్పితే ఇలా ఏడ్చేదా!" మా పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది.

పాచిక ఆవిడకి మొదట నచ్చలేదు. "ఇదేంటే, సొట్టపడ్డ గోళీలా ఉంది" అన్నారు. చిన్నప్పుడు గవ్వలు వేసిన చెయ్యి కదా, రెండు రోజుల్లో అలవాటు చేసుకున్నారు. గుప్పిట్లో ఊపి, నుదుటికి తాకించి, చాప మీద వేసేవారు. అంకె పెద్దది పడితే గాలి మన వైపు. చిన్నది పడితే పడవ ఇసకమేట ఎక్కింది. ఇసకమేట ఎక్కిన రోజే ఆవిడకి ఎక్కువ సంబరం. అందర్నీ కిందికి దింపి తోయించేవారు. ఆ నీళ్ళలోనే ఏ మూలో మాట్లాడే చేపలుండేవి, పటంలోవి. వాటితో బేరాలాడేవారు. ఆవిడ కాలవ మా పిల్ల గీసిన పటంలోకి పారి, మాటలాడే చెట్ల అడవి మీదుగా కొండకేసి వెళ్ళిపోయింది. వదినగారు కూడా చేరారు. నేను సైగ చెయ్యగానే వాళ్ళ డాబా మీంచి "తమలపాకులో! లేత తమలపాకులో!" అని కేకేసేవారు. మా అత్తగారు గీచి గీచి బేరమాడి, చివరికి "వాడిపోయినవి నాకొద్దు, పో" అని పంపించేసేవారు. వదినగారు మాత్రం "ఇవాళా కొనలేదు పెద్దమ్మగారు" అని నాకేసి మొహం వేలాడేసేవారు.

పక్షి సంగతి కూడా ఆవిడే తేల్చారు. "ఏనుగుల్ని ఎత్తుకుపోతోందంటే దానికి పిల్లలుంటాయే. పొదిగిన తల్లి జోలికి పోకండి. దూరంగా ఇంత అన్నం పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్దాం." మా మేనకోడలు పెన్సిలు కింద పెట్టేసింది. "ఇలాంటి పక్షితోనే యుద్ధం చేసి, పోయినసారి ఆటలో మేం ముగ్గురం చచ్చాం అత్తా" అంది నా చెవిలో.

ఇవన్నీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం చాప మీద కూచున్నంతసేపూ నా ఒక కన్ను మెట్ల మీదే. గది వేడి, తడి గోడల వాసన. నీళ్ళ మీద కొట్టుకొచ్చే అరటిగెలలు, చచ్చిన కోళ్ళు. పై మెట్టు మీద చుట్టచుట్టుకుని పడుకునే నీటిపాము, దానికీ పోయేచోటు లేదు. పొద్దున్నే లేచి నీళ్ళు ఏ మెట్టు మీదున్నాయో చూసేదాన్ని. అవి పైకొస్తే ఒక దిగులు. అలాగే నిలబడితే ఇంకో దిగులు. ఫోన్‌లో ప్రాణమున్నంతవరకు మా ఆయన "ఎలా ఉంది అమ్మ?" అని అడిగేవారు. "పడవలో ఉన్నారండీ" అనేదాన్ని. ఒకరోజు చాప మీద కథ నడుపుతుంటే నాకే దారంతా అయిపోయినట్టనిపించింది. కళ్ళు మూసుకుని స్వామిని, "ఇంకొక్క రేవు చూపించు తండ్రీ" అన్నాను. మా పిల్ల అర్థం చేసుకుని, "వాన పడుతోంది మామ్మగారూ, గూట్లోకి రండి" అని ముగ్గురి మీదా దుప్పటి కప్పింది. దుప్పటి కింద కూచుని వానకథలు చెప్పారు మా అత్తగారు. ఆ సాయంత్రం నన్ను మోసినవాళ్ళు వాళ్ళిద్దరూ.

"నువ్వు ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి అడుగుతావేంటత్తా?" అంది మా పిల్ల.

"అడక్కపోతే ఆవిడ లేస్తారు" అన్నాను.

"నా ఫ్రెండ్సూ అంతే" అంది.

బీపీ మాత్రలు అయిపోవస్తుండగా సాయం పడవ వచ్చింది. ముసలివాళ్ళని, పిల్లల తల్లుల్ని ముందు గట్టు అవతలి బడిలోకి చేరుస్తున్నారు. మా ఆయన అక్కడికి మందులు పట్టుకొచ్చి కూచున్నారని కూడా చెప్పారు. పడవ మా మెట్లకి ఆనింది. రోజూ నేను భయపడ్డ మెట్లు, ఇప్పుడు నేనే ఆవిణ్ణి దిగమనాలి.

మా అత్తగారు చాప మీంచి కదల్లేదు.

"మీ పడవెందుకయ్యా? మేం పడవలోనే ఉన్నాంగా" అన్నారు.

పడవబ్బాయికి అర్థం కాలేదు. "లేదండి మామ్మగారూ, ఇది డాబా అండి. నీళ్ళు ఇంకా పెరుగుతాయంటున్నారు, దిగండి."

"సగం దారిలో పడవ మారడమేంటి? నీకు నీ బేరం కావాలి. మా పడవ నడిపే సరంగు మంచివాడు. ఫో."

"ఎవరండీ సరంగు?" అన్నాడతను చుట్టూ చూసి. మా మేనకోడలు చెయ్యెత్తింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి కదలకుండా కూచోబెట్టడానికి ఎంత కష్టపడ్డానో, అంత గట్టిగా కూచున్నారు. బలవంతాన ఎత్తుకుపోవచ్చు. ఆ గడియ పెట్టిన తలుపు మీద చేతుల చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది. అవతల ఇంకో వీధి జనం ఎదురుచూస్తున్నారు, అతను తొందరపడుతున్నాడు.

నేను ఆవిడ ముందు చతికిలబడ్డాను. "అత్తయ్యా, ముందు లాకుల దగ్గర నీళ్ళు తక్కువట. మన పడవ పెద్దది, అడుగు తగులుతుందట. ఇక్కణ్ణుంచి చిన్న పడవ మీద వెళ్ళి, లాకులు దాటాక మళ్ళీ ఎక్కుదాం. ఏం చేద్దామంటారు? మీరు చెప్పినట్టే."

ఆవిడ ఆలోచించారు. పాచిక కోసం చెయ్యి చాచారు. మా పిల్ల గబగబా ఇచ్చింది. నుదుటికి తాకించి వేశారు. పెద్ద అంకె కాదు, చిన్నదీ కాదు. మేమిద్దరం ఆవిడ మొహంలోకి చూశాం.

"ఫరవాలేదు, పోవచ్చు" అన్నారు ఆవిడే. "మరి నా సంచీ?"

సంచీ వదినగారింట్లో ఉంది. వదినగారు పిట్టగోడ మీంచి అందించబోతే మా అత్తగారు ఒక్క కేక వేశారు. "వెనక్కి తెస్తావా! బయల్దేరిన సంచీ మళ్ళీ గుమ్మంలోకా?" అదీ నిజమే. పద్ధతి ప్రకారం మేమే వెళ్ళి, వాళ్ళ గుమ్మంలో అందుకుని, అటునుంచటే పోవాలి. వాళ్ళ మెట్లు వెనకవైపు. మధ్యలో కరెంటు తీగలు తెగిపడి ఉన్నాయి. చుట్టు తిరిగి రావాలి.

"సంచీ కోసమాండి?" అన్నాడు పడవబ్బాయి.

"సంచీ కోసమే బాబూ. ఆ సంచీ లేకపోతే ఆవిడ దిగరు" అన్నాను. అతను తల కొట్టుకున్నాడు. కొట్టుకుంటూనే గెడ వేశాడు. వాళ్ళమ్మ కడుపు చల్లగుండాలి.

మా అత్తగారు మా మెట్లు దిగారు. పాము ఎప్పుడో తప్పుకుంది. ఒక్కొక్క మెట్టూ నేను ముందు దిగి, ఆవిడ పాదం నా చేత్తో పెట్టించాను. "వెళ్ళొస్తాం" అన్నారు గదికేసి తిరిగి. పడవ చుట్టు తిరిగి వదినగారి మెట్ల దగ్గర ఆగింది. వదినగారు సంచీ ఇచ్చి, తమలపాకుల బేరం తెగకుండానే పోతున్నారా పెద్దమ్మగారూ అన్నారు. మా అత్తగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని, నవ్వి, "నువ్వా! ఆకులు వాడిపోయాయిగా మరి" అన్నారు.

తర్వాత పడవ మా అరటితోట మీదుగా వెళ్ళింది. నేను నడిచిన గట్లు, నేను పూలు కోసిన చెట్టు, అన్నిటి మీంచీ. ఇంకా ఎదగని కొబ్బరిమొక్కల మొవ్వులు చేతికందేంత దగ్గర. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ తోటని నేను పైనుంచి చూడలేదు. ఆ మునిగిపోయిన దాన్ని చూసి ఏడవాల్సింది. ఏడుపు రాలేదు. ఆవిడ ఒళ్ళో సంచీ ఉంది, నా చేతిలో ఆవిడ చెయ్యి ఉంది. పడవబ్బాయి జోరుగా గెడ వేస్తుంటే మా అత్తగారు నా మోచెయ్యి గిల్లారు.

"మెల్లిగా పోనివ్వమనమ్మాయ్. తొందరేముంది?"

నీళ్ళు తీశాయి. బురద కడుక్కున్నాం. అరటి పోయింది, కొబ్బరి నిలబడింది, ఉన్నదానికి దణ్ణం పెట్టుకున్నాం. మా మేనకోడలు హాస్టల్‌కి వెళ్ళిపోయింది. దాని స్నేహితురాళ్ళు ఇప్పుడు దారి మధ్యలో ఫోన్లు తియ్యట్లేదట, పక్షికి అన్నం పెట్టాలా వద్దా అని ఒక పూటంతా కొట్టుకున్నారట. పోతూ పోతూ ఇరవై ముఖాల పాచిక నాకొదిలేసింది.

సంచీని మా ఇంట్లోకి తేలేదు. బడి నుంచి వచ్చేటప్పుడే వదినగారింట్లో ఇచ్చి వచ్చాం. వాళ్ళ అటక మీదుంది. దీపాల వేళ మా అత్తగారు లేస్తారు, కుచ్చిళ్ళు సర్దుకుంటారు. "సంచీ అక్కడే ఉందా?" అంటారు. "ఉందండీ" అంటాను. "అయితే బయల్దేరినట్టే" అని కూచుంటారు. చాప వేస్తాను.

మా ఇంటిని ఆవిడ ఇప్పుడు సత్రం అనుకుంటున్నారు. ప్రస్థానం పెట్టాక సొంతింట్లో ఉండకూడదు కదా, అందుకని ఇది దారిలో ఒక మజిలీ. మా ఆయన్ని ఇంకో ప్రయాణికుడిగా లెక్కేసి, "నీదే ఊరు నాయనా?" అని అడుగుతారు. ఆయన కూడా ఒక్కోరోజు ఒక్కో ఊరు పేరు చెబుతారు. సత్రం నడిపేదాన్ని నేను. సత్రం నడిపేవాళ్ళకి ప్రయాణాలుండవు. వచ్చేవాళ్ళకి కాళ్ళకి నీళ్ళివ్వాలి, పొయ్యి ఆరకుండా చూసుకోవాలి, వాళ్ళు లేచిపోకుండా దారిని కొంచెం కొంచెం విప్పుతూ ఉండాలి. కొన్ని సాయంత్రాలు, చాప మీద కూచునేటప్పుడు, గుమ్మం నాకూ అడ్డంగానే కనిపిస్తుంది.

మొన్న అన్నం పెడుతుంటే మా అత్తగారు మా ఆయనకేసి వంగి, నాకు వినపడదనుకుని, మెల్లిగా అన్నారు.

"ఈ సత్రం అమ్మాయి మంచిది నాయనా. అడిగి అడిగి పెడుతుంది. తిరుగు ప్రయాణంలో కూడా ఇక్కడే దిగుదాం."

ఇంకో గరిటె చారు పోశాను.